రాయి తాగని తారు

లంబూసా వంపు దగ్గర చేపల వ్యాను లోయలోకి పల్టీ కొట్టి లా రుకు చనిపోయాక ఊరంతా ఒకే మాట మీదికి వచ్చేసింది: తాగి నడిపాడు. పోలీసులూ అదే రాసుకున్నారు. రోడ్డు వేసిన కంపెనీకి ఆ మాట మరీ హాయిగా ఉంది. ఒప్పుకోనివాళ్ళు ఇద్దరే. ఒకరు లా రుకు భార్య వా బౌ. రెండోవారు కంపెనీ ల్యాబు చూసుకునే వా కంబా. ఎంత కంకరకి ఎంత తారు కలపాలో పాళ్ళు కట్టేది ఆవిడే. ప్రమాదం జరిగిన మర్నాడు ఎండలో ఆ వంపు నల్లగా, చెమట పట్టిన వీపులా మెరవడం ఆమె కళ్ళారా చూసింది. ఎవరినీ అడక్కుండా మిషను తీసుకెళ్ళి ఆ రోడ్డులోంచి గుండ్రటి ముక్కలు కోయించి తెచ్చుకుంది. పోయిన వారం మనం ఆమెను వదిలింది, ఆ ముక్కల్ని కాటా మీద పెడుతున్నప్పుడు.

కాటా చూపించిన అంకె వా కంబాకి నచ్చలేదు.

మళ్ళీ తూచింది. ముక్కను ముందు గాలిలో తూచి, తర్వాత తీగకి వేలాడదీసి నీళ్ళలో ముంచి తూచింది. నీళ్ళలో ఎంత బరువు తగ్గిందో చూసి సాంద్రత కట్టింది. రెండు పాయింట్ నాలుగు నాలుగు. ఇంకో ముక్క తీసుకుంది. అదీ అంతే. తను పాళ్ళు కట్టినప్పుడు ఇదే బల్ల మీద వచ్చిన అంకె రెండు పాయింట్ రెండు తొమ్మిది. రోడ్డు మీద రోలరు ఎంత బాగా తొక్కినా అందులో నూటికి తొంభై ఎనిమిది వంతులు వస్తే మేస్త్రీ మీసం మెలేస్తాడు. ఇక్కడ నూట ఆరు వస్తోంది.

పొద్దున్న ప్రాజెక్టు పెద్ద పాక్ రుస్లికి, అంటే రుస్లి గారికి, ఫోనులో ఆ సంగతే చెబితే ఆయన నవ్వాడు.

"నూరు దాటిందని ఏడుస్తున్నారా బు కంబా? తక్కువ వస్తే ఏడవాలి గానీ! మా రోలరు కుర్రాళ్ళకి బిర్యానీ పెట్టించాలి నేను."

"పాక్, మీ అబ్బాయి లెక్కల పరీక్షలో నూటికి నూట ఆరు తెచ్చుకున్నాడనుకోండి. మీరేమనుకుంటారు?"

"మా వాడా? నూటికి ఆరు వస్తే ఎక్కువ."

"ప్రశ్నపత్రం మారిందనుకోరా?"

అవతల నవ్వు ఆగిపోయింది. తర్వాత పాక్ రుస్లి గొంతు కొంచెం గట్టిపడింది. "చూడండి, శుక్రవారం ఆ వంపు మళ్ళీ తెరవాలి. మధ్యాహ్నం నేను వస్తాను. రోడ్డు బాగానే ఉందని మీ సంతకం ఒక్కటి కావాలి, అంతే. పోయినవాడు ఎలాగూ పోయాడు. ఉన్నవాళ్ళం బతకాలి కదా."

వా కంబా ఫోను పెట్టేసి చాలాసేపు స్టూలు మీదే కూర్చుంది. బౌబౌ పట్నం ఆసుపత్రిలో అమ్మ మంచం పక్కన కూర్చుని కూర్చుని వచ్చిన నడుంనొప్పి, అమ్మ పోయి ప్రార్థనలన్నీ అయిపోయినా ఇంకా పోలేదు. యాభయ్యో ఏడు దగ్గర పడుతోంది. ఈ దీవిలో కొండను తవ్వితే తారు బయటికి వస్తుంది. చిన్నప్పుడు ఆ కొండల పక్కనే ఆడుకుంది. అంత తారు పుట్టిన నేల మీద ఒక్క రోడ్డు సరిగ్గా వేయలేకపోయామని వాళ్ళ నాన్న బతికున్నన్నాళ్ళూ ఎగతాళి చేసేవాడు. ఆ ఎగతాళి వినలేకే తను ఈ చదువు చదివింది. ఇప్పుడు ఆ చదువు కూడా బరువుగానే ఉంది.

లేచింది. ఒక ముక్కను పొయ్యిలో పెట్టి మెత్తబడ్డాక చేత్తో విడదీసింది. గిరగిరా తిరిగే గిన్నెలో వేసి పెట్రోలు పోసింది. కింది గొట్టంలోంచి నల్లటి కషాయం కారింది. ఇంకోసారి పోసింది. గోధుమ రంగు దిగింది. ఇంకోసారి. పెట్రోలు తేటగా వచ్చేదాకా కడిగి, మిగిలిన కంకరను రేకు పళ్ళెంలో పరిచి కిటికీలో ఎండకి పెట్టింది.

ఆరేకొద్దీ రంగు తేలింది.

తను పాళ్ళు కట్టిన రాయి వాసుంబా క్వారీది. ఒకప్పుడు సముద్రంలో పగడం. తెల్లగా, పాలిపోయిన పసుపుగా ఉంటుంది. దగ్గరగా చూస్తే సూదిమొన పట్టేంత చిల్లులు. పళ్ళెంలో ఉన్నది ఆ రాయి కాదు. నీలం కలిసిన నలుపు. అంచులు కత్తిలా ఉన్నాయి. అరలోంచి వాసుంబా రాయి ఒకటి తీసి పక్కన పెట్టి, రెండింటి మీదా ఒక్కో నీటిచుక్క వేసింది. పగడపు రాయి మీద చుక్క కళ్ళముందే ఇంకిపోయింది. నల్లరాయి మీద చుక్క అలాగే గుండ్రంగా నిలబడి, కిటికీ నీడ అందులో కనబడుతూ ఉంది.

అంతే. ఇంక లెక్క కట్టక్కర్లేదు. అయినా కట్టింది, చెయ్యి ఊరుకోక.

పగడపు రాయికి దాహం ఎక్కువ. తారు పోస్తే కొంత లోపలికి తాగేస్తుంది. ఆ తాగే తారుని కూడా కలుపుకుని ఎక్కువ పోయమని పాళ్ళు రాసింది తనే. నల్లరాయి తాగదు. తాగని తారంతా రాళ్ళ మధ్య సందుల్లోకి చేరుతుంది. రోడ్డు లోపల నూటికి నాలుగైదు పాళ్ళు ఖాళీ ఉండాలి, ఎండకి తారు ఉబ్బితే సర్దుకోవడానికి. ఈ ముక్కల్లో ఒక పాలు కూడా లేదు. లోపల చోటు లేని తారు పైకి వస్తుంది. లారీలు తొక్కినకొద్దీ ఇంకా వస్తుంది. దాని మీద నాలుగు చినుకులు పడితే అది రోడ్డు కాదు, నూనె రాసిన పళ్ళెం. ఆ పళ్ళెం మీదికి, వంపులో, ఐసు పెట్టెలు నింపిన వ్యానుతో లా రుకు వచ్చాడు.

రాయి ఎలా మారింది? ఎవరు మార్చారు? మారిస్తే పాళ్ళు మళ్ళీ కట్టాలని తెలియనివాళ్ళు ఈ ప్లాంటులో ఎవరున్నారు?

తలుపు చప్పుడైంది. లా హముందు. ఆమె భర్త. ప్లాంటులో కంకర కుప్పలన్నీ ఆయన చేతి కిందే ఉంటాయి. మోకాళ్ళ నొప్పితో ఒక పక్కకి ఒరుగుతూ వచ్చి, క్యారియరు బల్ల మీద పెట్టాడు.

"కసుఆమీ తెచ్చాను. చేపల పులుసు వేడిగా ఉంది. ముందు తిను, తర్వాత తూచుకుందువు గాని." ఆవిరి మీద వండిన కర్రపెండలం కసుఆమీ వాసన, పులుసులో చింతపండు వాసన, గదిలో పెట్రోలు వాసనతో కలిసిపోయాయి.

 వా కంబా కిటికీ దగ్గరి పళ్ళెం తెచ్చి క్యారియరు పక్కన పెట్టింది.

"ఇదేం రాయి, జుమ్రా నాన్నా?"

ఆయన చూశాడు. చూడనట్టు క్యారియరు గిన్నెలు విడదీయడం మొదలుపెట్టాడు. "కంకర."

"కంకరని నాకూ తెలుసు. చీకట్లో చేత్తో తడిమి ఏ క్వారీదో చెప్పే మనిషివి నువ్వు. ఏ రాయి?"

"చల్లారిపోతుంది, తిను."

"నేను అడిగింది పులుసు గురించి కాదు."

లా హముందు గిన్నె కింద పెట్టాడు. కుర్చీ లాక్కుని మోకాళ్ళు రెండూ పట్టుకుని నెమ్మదిగా కూర్చున్నాడు. ఆయన కూర్చున్న తీరులోనే ఆమెకి జవాబు సగం తెలిసిపోయింది.

"పాలూ రాయి," అన్నాడు. "సముద్రం అవతలి నుంచి బార్జిలో వచ్చింది. నువ్వు బౌబౌలో ఉన్నప్పుడు."

"ఎందుకు?"

"వాసుంబాలో మిషను ఎక్కడిదాకా వచ్చిందో నీకు తెలీదు. నువ్వు లేవుగా." మోకాలు నిమురుకున్నాడు. "చింతచెట్టు దాకా వచ్చేసింది. అవతల ఏముందో తెలుసు కదా."

ఆమెకి తెలుసు. వాసుంబా ఆయన ఊరు. చింతచెట్టు అవతల వాళ్ళ ఊరి సమాధులు. వాళ్ళమ్మా అక్కడే ఉంది.

"నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టలేదు కంబా. ఆ పళ్ళ మిషను ఎముకల్ని నమిలి మన ప్లాంటుకి పంపుతుందేమో, నా చేత్తోనే వాటిని కుప్ప పోయించుకుంటానేమో అనిపించేది. క్వారీలో రాయి అయిపోయిందని కంపెనీకి చెప్పాను. కొండకి అవతలి పక్క తవ్వకం మొదలయ్యేదాకా పాలూ నుంచి తెప్పిద్దామన్నాను. ఒప్పుకున్నారు. ఆ మధ్యలో వేసింది లంబూసా వంపు ఒక్కటే. తర్వాత మళ్ళీ మన రాయే."

"సమాధుల దగ్గర తవ్వొద్దని నేనైనా అంటాను. దాన్ని తప్పు పట్టడం లేదు." ఆమె గొంతు పైకి లేవలేదు. లేవడానికి కూడా ఓపిక కావాలి. "రాయి మారితే పాళ్ళు మారతాయి. అది నీకు తెలీదని మాత్రం చెప్పకు."

"తెలుసు."

"మరి?"

"కొత్త పాళ్ళు కట్టాలంటే నువ్వు రావాలి. ఎన్నాళ్ళు పట్టేదో. ఇక్కడ ప్లాంటు వెలిగించి పెట్టారు. వానలు మీదికి వచ్చేస్తున్నాయి. ఆలస్యమైతే ఆ చింతచెట్టు అవతలే తవ్వేద్దామంటారు. గట్టి రాయే కదా అనుకున్నాను. మెత్తటి రాయి బదులు గట్టి రాయి వేస్తే చెడిపోయేదేముంది అనుకున్నాను."

"పాక్ రుస్లి ఊరుకున్నాడా? ల్యాబుని అడక్కుండానే?"

లా హముందు తల ఎత్తలేదు.

"అడిగాడు. ల్యాబు ఏమంది అని."

"ఏం చెప్పావు?"

"నీకు ఫోను చేశానని చెప్పాను. నువ్వు సరే అన్నావని చెప్పాను."

బయట ప్లాంటు ఆగి ఉంది. ఎక్కడో రేకు మీద కాకి నడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. వా కంబా పళ్ళెంలోంచి ఒక రాయి తీసి, చూసి, మళ్ళీ అక్కడే పెట్టింది.

"ఫోను చేశావు నిజమే," అంది చివరికి. "గుర్తుంది నాకు. ఆసుపత్రి వరండాలో ఉన్నాను. అమ్మ ముక్కులో గొట్టం పెట్టారు ఆ రోజు. నువ్వు ఏం అడిగావో తెలుసా? అన్నం తిన్నావా అని అడిగావు. తిన్నానన్నాను. అంతే పెట్టేశావు."

"రాయి సంగతి అడగాలనే చేశాను. నీ గొంతు విన్నాక..." ఆయన చెయ్యి గాల్లో ఊరికే కదిలింది. "అడగలేకపోయాను. ఆ గొంతుతో ఉన్నదాన్ని కంకర గురించి ఎలా అడిగేది?"

"నా గొంతు మీద అంత జాలి పడ్డవాడివి, నా పేరు మీద పడలేదేం?"

ఆయన క్యారియరు మూత తీసి మళ్ళీ పెట్టాడు.

"ఇంకాసేపట్లో వచ్చే పాక్ రుస్లికి నేను ఈ రాయి చూపించి ఇదీ సంగతి అంటే ఏమంటాడు? 'మీరేగా సరే అన్నారు' అంటాడు. నా మొగుడే సాక్షి. ఇంకెవరు నమ్ముతారు నన్ను?"

"నేను చెప్తాను."

"అప్పుడు నువ్వు జైలుకి పోతావు."

"పోతాను."

"ఈ మోకాళ్ళతోనా?" అంది ఆమె. అని, తనకి ఆ మాట ఎందుకు వచ్చిందో తనకే తెలీక కళ్ళు మూసుకుంది. కోపం వస్తే బాగుండును. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఈయన మీద గట్టిగా అరిచిన రోజులు చాలానే ఉన్నాయి, పులుసులో ఉప్పు గురించి, జుమ్రా పెళ్ళి గురించి. ఇవాళ అరవడానికి ఏమీ మిగల్లేదు. నిద్రపోవాలని ఉంది. లేచేసరికి ఈ పళ్ళెం ఇక్కడ లేకుండా ఉంటే చాలని ఉంది.

"మీ అమ్మను కదపకూడదనుకున్నావు," అంది. "ఆ వా బౌ మొగుణ్ణి..." మాట పూర్తి చేయలేదు. పూర్తి చేయక్కర్లేకుండానే లా హముందు ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

కిటికీలోంచి చూస్తే గేటు దాటి ఎవరో వస్తున్నారు. తల మీద ముసుగు, చంకలో గంప. ఎవరో పోల్చుకునే లోపే వా కంబా చెయ్యి బల్ల మీది పాత పేపరు తీసి పళ్ళెం మీద కప్పేసింది. కప్పాక గాని తను చేసిన పని ఆమెకి తెలియలేదు. తెలిశాక సిగ్గుతో ఒళ్ళు చల్లబడింది. ఇందాకటి దాకా నన్నెవరు నమ్ముతారు అన్న మనిషి తనే.

వా బౌ తలుపు దగ్గర చెప్పులు విడిచింది. వా కంబాని ఆమె ఇనా అంటుంది, అమ్మ అన్నట్టు. "ఇనా, తింటున్నారా? తర్వాత రానా?"

"లేదమ్మా, రా."

"ఎక్కువసేపు ఉండను. ఆదివారం రుకు నలభయ్యో రోజు ప్రార్థన. మీరు రావాలి. బాబాయ్, మీరూ రావాలి." గంపలోంచి ఆకులో చుట్టిన అరటి అప్పాలు తీసి బల్ల మీద పెట్టింది. పేపరు కప్పిన పళ్ళేనికి జానెడు దూరంలో. మనిషి బాగా చిక్కిపోయింది. ముంజేతి గాజు మోచేతి దాకా జారుతోంది. "అందరినీ పిలుస్తున్నాను. ఎంతమంది వస్తారో తెలీదు. తాగుబోతు ప్రార్థనకి ఎవరు వస్తారు అని మా పక్కింటావిడ నా ముందే అంది."

"నేను వస్తాను," అంది వా కంబా.

"మీరొస్తారని తెలుసు. ఆయన మిమ్మల్ని చాలా తలిచేవాడు." వా బౌ నిలబడే మాట్లాడుతోంది. "చేపల వ్యాను కొనకముందు ఇక్కడే కదా ఇనా, టిప్పరు తోలేవాడు. ఆఖరున ఆ లంబూసా వంపుకి మాలు మోసింది ఆయనే. ఇంటికొచ్చి ఒకటే గోల. తారు ఎక్కువైపోతోంది, దింపేసరికి టిప్పరు అడుగున మడుగు కట్టి ఉంటోంది, ఇది మన మామూలు మాలు కాదు అని."

లా హముందు కుర్చీ చప్పుడు చేసింది.

"ల్యాబు ఇనా లేదు, ఎవరికి చెప్పను అనేవాడు. చివరికి ఇక్కడ ఎవరికో చెప్పాడట. చెప్పొచ్చి ఆ రాత్రి హాయిగా పడుకున్నాడు. ఏమైంది అంటే, ఇనాకి ఫోను చేసి అడిగారట, ఆవిడ సరే అందట, ఆవిడ సరే అన్నాక మనకెందుకు భయం అన్నాడు." వా బౌ ముంజేతి గాజు పైకి లాక్కుంది. అది మళ్ళీ జారింది. "తర్వాత వ్యాను కొన్నాక పాత రోడ్డు చుట్టూ తిరిగి పొమ్మని నేనే పోరేదాన్ని. వినేవాడు కాదు. ఆవిడ లెక్క కట్టిన రోడ్డు అది, నిద్రలో కూడా పోవచ్చు అనేవాడు."

 వా కంబా బల్ల అంచు పట్టుకుంది.

"నేను మిమ్మల్ని అనడానికి రాలేదు ఇనా," అంది వా బౌ.  "తాగాడని వాళ్ళంటే నాకు పోయేదేం లేదు, నాకు తెలుసు తాగలేదని. కానీ ఈ ఒక్కటీ నిద్ర పట్టనివ్వడం లేదు. మీరే చెప్పండి. నిజంగా మీరు సరే అన్నారా?"

వా కంబా భర్త వైపు చూడలేదు. చూస్తే మాట రాదని ఆమెకి తెలుసు. అన్నాను అంటే ఆయన మిగులుతాడు, తను పోతుంది. అనలేదంటే ఆ ఒక్క మాటతో ముప్ఫయ్యేళ్ళ ఇల్లు కూలుతుంది. నెల పైగా ఈ పిల్ల, తన మొగుణ్ణి చంపింది ఇనాయేనేమో అన్న అనుమానంతో పడుకుని, అదే మనిషికి అప్పాలు వండి తెచ్చింది.

"లేదమ్మా," అంది. "నన్నెవరూ అడగలేదు."

మాట చిన్నదే. గదిలో ఇంకేమీ మిగలనట్టు అయింది. వా బౌ చూపు నెమ్మదిగా ఆమె మీంచి జరిగి, కుర్చీలో ఉన్న మనిషి మీద ఆగింది. ఆసుపత్రిలో ఉన్న ఇనాకి ఫోను చేసేది ఇంకెవరు? ఆమె కళ్ళు అక్కణ్ణుంచి కదల్లేదు.

"బాబాయ్?" అంది, నమ్మలేనట్టు.

అప్పుడే గేటు దగ్గర జీపు ఆగింది. పాక్ రుస్లి దిగి, గొడుగు విప్పుకుంటూ, ఎవరితోనో ఫోనులో పెద్దగా నవ్వుతూ ఇటే వస్తున్నాడు. చినుకులు మొదలయ్యాయి.

లా హముందు మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. బల్ల దగ్గరికి వచ్చాడు. పేపరు తీసి పక్కన పెట్టి, నల్లరాళ్ళ పళ్ళేన్ని రెండు చేతులతో ఎత్తుకున్నాడు.

"ఎక్కడికి?" అంది వా కంబా.

 ఆయన గడప దాటి వరండాలో నిలబడ్డాడు. ఎడమ పక్క మెట్లు దిగితే కంకర కుప్పలు. ఈ గుప్పెడు రాళ్ళు ఆ కుప్పల అడుక్కి చేరితే ఇంక ఎవరూ ఏరలేరు. కుడి పక్క మెట్ల మీద పాక్ రుస్లి గొడుగు పైకి వస్తోంది. వాన పళ్ళెంలో పడుతోంది. లా హముందు ఒక్కసారి వెనక్కి తిరిగి ఇద్దరు ఆడవాళ్ళ వైపూ చూశాడు. తర్వాత అడుగు వేశాడు.